పొట్ట మీది చుక్కలు

"నువ్వెలాగూ ఇంట్లోనే ఉంటావుగా" అన్న మాటతో మొదలయ్యే పనులకి జీతం ఉండదు, సెలవు ఉండదు, చివరికి పేరు కూడా ఉండదని ఆమెకి అర్థం కావడానికి చాలా ఏళ్ళు పట్టింది. ఆ మాట మొదటిసారి విన్ననాడు సింకు దగ్గర నిలబడి పాలసీసా కడుగుతోంది. చంకన పిల్ల, స్టవ్ మీద పాలు, పక్కగదిలో తుంటి ఎముక విరిగి మంచమెక్కిన అత్తగారు. భర్త వెనకనుంచి వచ్చి పిల్ల బుగ్గ గిల్లి, ఆ గిల్లినంత తేలిగ్గానే చెప్పాడు. నువ్వెలాగూ ఇంట్లోనే ఉంటావుగా, మన గ్రూపు కాస్త చూసిపెడుతూ ఉండు, రోజుకి పది నిమిషాల పని. ఈలోగా పాలు పొంగాయి. అతను స్టవ్ వైపు చూసి, "అరెరే, చూసుకోవద్దూ" అని వెళ్ళిపోయాడు.

ఆ గ్రూపంటే చుట్టాలందరూ పొద్దున్నే పువ్వుల బొమ్మలు పంపుకునే గ్రూపు కాదు. దేశదేశాల్లో సాలమాండర్ల మీదా, న్యూట్ల మీదా పరిశోధన చేసేవాళ్ళు ఇంటర్నెట్‌లో కలుసుకుని మాట్లాడుకునే చోటు. ఈ జీవాలు చూడ్డానికి బల్లులు, పుట్టుకకి కప్పల చుట్టాలు. ఒంటిమీద పొలుసులుండవు, తడి ఆరితే ప్రాణం నిలవదు, సగం బతుకు నీళ్ళలో, సగం నేలమీద. అత్తగారు వాటికి తడిబల్లులని పేరు పెట్టింది. లోకంలో ఇంకే జంతువూ దొరకనట్టు ఈ తడిబల్లులేమిటే మీ ఇద్దరికీ అని దెప్పుతూనే, కొత్త ఫోటో వస్తే కళ్ళజోడు అడిగి తీసుకుని మరీ చూసేది. గ్రూపు మొదలుపెట్టింది భర్త. మొదలుపెట్టడం అతనికి బాగా వచ్చు. కొనసాగించడానికి మాత్రం ఎవరో ఒకరు ఇంట్లో ఉండాలి.

పది నిమిషాల పని పెరిగి పెరిగి ఆమె మధ్యాహ్నాలన్నిటినీ మింగేసింది. అత్తగారు కునుకు తీసే వేళకి వంటింటి బల్లమీద కూరగాయలు ఓ పక్కకి నెట్టి కంప్యూటర్ తెరిచేది. ఒకరి న్యూట్ చర్మానికి బూజు పట్టింది, ఏం చెయ్యాలో చెప్పాలి. ఇద్దరు పెద్దమనుషులు ఒక తోక పొడవు గురించి చిన్నపిల్లల్లా కొట్టుకుంటున్నారు, ఎవరి మనసూ నొచ్చుకోకుండా విడదియ్యాలి. అన్నిటికంటే కష్టం కొత్తగా చేరతామని వచ్చేవాళ్ళని వడగట్టడం. అరుదైన జీవాలని పట్టి అమ్ముకునేవాళ్ళు విద్యార్థుల వేషంలో వస్తుంటారు. ఆమె వాళ్ళని రెండు వాక్యాల్లో పసిగట్టేది. చదువుకునేవాడు అది ఏం తింటుందని అడుగుతాడు. అమ్ముకునేవాడు అక్కడికి దారెటని అడుగుతాడు.

అందుకే ఆ గ్రూపులో ఒక కట్టుబాటు ఉంది. ఏ జీవాన్ని ఎక్కడ చూశారో ఎవరూ చెప్పరు. ఫోటో పెట్టేముందు జంతువు తప్ప చుట్టూ ఉన్నదంతా కత్తిరించేస్తారు. వెనక కొండ అంచు కనపడకూడదు, కరెంటు స్తంభం కనపడకూడదు. ఎవరి మడుగుకి వాళ్ళు ముద్దుపేరు పెట్టుకుని ఆ పేరుతోనే మాట్లాడుకుంటారు. ఒకరిది కుంటిగేదె మడుగు, ఇంకొకరిది గొడుగు మడుగు. ఎంత దగ్గరివాళ్ళకైనా మడుగు చూపించడమంటే బీరువా తాళం చేతికివ్వడమే.

గ్రూపులో ఆమె కూర్చునే కుర్చీకి ఉన్న పేరు 'నిర్వాహకులు'. అంతే. ఆడో మగో, చిన్నో పెద్దో తెలియదు. ఆ ఖాతా పాస్‌వర్డ్ ఆమెకి తెలుసు, భర్తకీ తెలుసు. అందరూ ఆ కుర్చీలో ఉన్నది గ్రూపు మొదలుపెట్టిన ప్రొఫెసర్‌గారే, అంటే ఆమె భర్తేననుకున్నారు. కాదని అతను ఎప్పుడూ అనలేదు. ఒకసారి ఏదో సదస్సుకి అతని వెంట వెళ్ళింది. టీ విరామంలో ఓ అమ్మాయి పరుగున వచ్చి, సార్, బూజు గురించి మీరు రాసిన జవాబు లేకపోతే నా పరిశోధన సగంలో ఆగిపోయేది అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఆ జవాబు ఆమె బంగాళాదుంపలు ఉడికేలోపు రాసింది. అతను అయ్యో, ఎంతమాట అని నవ్వాడు. ఆమె అతని కప్పు, తన కప్పు రెండు చేతుల్లో పట్టుకుని పక్కనే నిలబడి ఉంది. తిరిగొస్తూ కారులో అడిగితే, అక్కడ అదంతా విడమరిచి చెప్పడం ఎబ్బెట్టుగా ఉంటుంది కదా అన్నాడు. సొమ్మొకడిది సోకొకడిది అని సామెత ఊరికే పుట్టలేదు.

నిజానికి వాళ్ళిద్దరూ ఒకే ప్రయోగశాలలో చదువుకున్నారు. ఎవరికి మార్కులెక్కువో ఇప్పుడు తవ్వుకుంటే బాగుండదు. ఊరి బయట, మూతపడ్డ పంపుహౌసు వెనక ఉన్న ఓ మడుగు ఆమె పరిశోధనకి దొరికింది. మొదటిరోజే బురదలో ఓ చెప్పు పోగొట్టుకుని ఒంటికాలి చెప్పుతో ఇంటికొచ్చింది. అప్పటినుంచి అది చెప్పుమడుగు. న్యూట్‌కి వీపు ముదురు రంగు, పొట్ట నారింజ, ఆ నారింజ మీద నల్లచుక్కలు. మన వేలిముద్రల్లాగే ఏ రెండు పొట్టలమీదా చుక్కలు ఒక్కలా ఉండవు. కాబట్టి వాటికి ఏ గుర్తూ వెయ్యనక్కర్లేదు. చిన్న గాజుపెట్టెలో పెట్టి, పైనుంచి తడి స్పాంజీ ఆనించి, కిందనుంచి పొట్టకి ఫోటో తీసి మళ్ళీ నీళ్ళలో వదిలెయ్యడమే. తర్వాత కూర్చుని పాత ఫోటోలతో పోల్చుకుంటే ఎవరెవరో తెలుస్తుంది. చెప్పుమడుగులో ఆమె ఫోటో తీసిన మొదటి న్యూట్ ఓ ఆడది. పొట్ట మధ్యలో మూడు చుక్కలు కలిసిపోయి సిరా ఒలికినట్టు ఉండేది, గొంతు కింద విడిగా ఓ చుక్క. అప్పటికే బాగా ఎదిగిన జీవం, పెట్టెలో పెడితే గింజుకునేది కాదు. ఇదేదో అన్నీ చూసినదానిలా ఉందే అనుకుని పెద్దమ్మ అని పేరు పెట్టింది.

పెద్దమ్మ గుడ్లు పెట్టడం చూసింది ఓసారి. ఆడ న్యూట్ గుడ్లన్నీ ఒకచోట కుప్పపోసి తన దారిన పోదు. ఒక్కో గుడ్డుకి ఒక్కో నీటిమొక్క ఆకు వెతుక్కుంటుంది. వెనక కాళ్ళతో ఆకుని మడిచి, లోపల గుడ్డు పెట్టి, ఆ మడత అతుక్కునేదాకా అలాగే పట్టుకుని ఉంటుంది. తర్వాత ఇంకో ఆకు, ఇంకో మడత. అలా వందలు. ఆమె గట్టుమీద బోర్లా పడుకుని, తిండి ధ్యాస లేకుండా చూసింది. అప్పటికింకా భర్త కాని అతను పక్కనే కూర్చుని, దీనికింత చాకిరీ ఏమిటి, కప్పలాగా ఒక్కసారే పెట్టేసి పోవచ్చుగా అని నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. ఆ వయసులో అతను ఏమన్నా నవ్వొచ్చేది.

పిల్ల పుట్టాక కొన్నాళ్ళు సెలవు పెట్టింది. సీటెక్కడికీ పోదమ్మా అన్నారు గైడుగారు. అత్తగారి తుంటి విరిగింది. సీటు పోయింది. ఆమె తీసిన పొట్టల ఫోటోలు మాత్రం వృథా పోలేదు, అతని పుస్తకంలో ఓ అధ్యాయమయ్యాయి. ముందుమాట చివర 'నా భార్య ఓర్పుకి కృతజ్ఞతలు' అని ఉంది. అత్తగారు ఆ వాక్యాన్ని మళ్ళీ మళ్ళీ చదివించుకుని మురిసిపోయింది. ఆ రోజు ఆమె కూడా మురిసిపోయింది. ఇప్పుడు తలుచుకుంటే ఆ మురిసిపోవడమే ఎక్కువ బాధగా ఉంటుంది.

ఏళ్ళు గడిచాయి. చంకనున్న పిల్ల పెద్దదై వేరే ఊళ్ళో హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. చలి తగ్గుతున్న రోజుల్లో ఒకనాడు భర్త ఎవరో అతిథులని వెంటబెట్టుకుని చెప్పుమడుగుకి వెళ్ళాడు. ఆమెని పిలవలేదు. అత్తగారిని వదిలి ఎలా వస్తావని ఆమె తరఫున తనే అనేసుకున్నాడు. అక్కడ తీసిన పొట్టల ఫోటోలు తెచ్చి ఆమె ముందు పెట్టి, నువ్వు చూస్తే చిటికెలో తేలిపోతుంది అన్నాడు. ఆమె చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ ఒక్కొక్కటీ చూసుకుంటూ పోయింది. ఒక ఫోటో దగ్గర చెయ్యి ఆగిపోయింది. ఒలికిన సిరా. గొంతు కింద చుక్క. పాత ఫోటో తెరిచి పక్కన పెట్టి చూసింది. చిక్కుడుకాయలు ఒళ్ళోంచి జారి నేలమీద పడ్డాయి, ఏరుకోలేదు. పక్కగదిలోకి పరిగెత్తి, "పెద్దమ్మ బతికే ఉంది అత్తయ్యా" అంది. అత్తగారు కంగారుగా లేచి కూర్చుని, "ఎవరి పెద్దమ్మే?" అంది. ఆమె నవ్వుతూనే ఏడ్చేసింది. తను లేని ఇన్నేళ్ళూ ఆ జీవం అక్కడే, ఆ నీళ్ళలోనే, ఏటేటా ఆకులు మడుచుకుంటూ ఉంది. ఎవరో తనకోసం ఇన్నాళ్ళూ గుమ్మంలో నిలబడి ఉన్నట్టు అనిపించింది ఆమెకి.

భర్త కూడా సంతోషించాడు, కానీ వేరే కారణానికి. ఆ జాతి న్యూట్ పెంపకంలో కాకుండా బయట అన్నేళ్ళు బతుకుతుందని అప్పటిదాకా ఎవరూ రుజువు చెయ్యలేదట. పైగా ఒక పెద్ద ప్రాజెక్టుకి అతన్ని అధిపతిగా వెయ్యాలా వద్దా అని తేల్చే కమిటీవాళ్ళు ఆ వారమే గ్రూపులో చేరి అన్నీ గమనిస్తున్నారు. అతను పాత ఫోటో, కొత్త ఫోటో పక్కపక్కన పెట్టి తన పేరుతో గ్రూపులో ప్రకటించాడు. పొద్దున్నే అతని లంచ్‌బాక్స్ సర్దుతూ ఆమె చూసింది. చుట్టూ ఉన్నదంతా కత్తిరించాడు, నిజమే. కానీ గాజుపెట్టె పక్కగోడలో ప్రతిబింబం ఉంది. పంపుహౌసు కూలిన కప్పు, దాని పక్కన వంకర పొగగొట్టం. చిన్నదే, కానీ ఆ చుట్టుపక్కల తిరిగినవాడెవడైనా గుర్తుపట్టగలడు. వెంటనే ఫోటోని దాచేసి, గాజులో పంపుహౌసు కనపడుతోంది, తుడిచి మళ్ళీ పెట్టండి అని చెప్పింది. "నీ కళ్ళకి తప్ప ఎవరికి కనపడుతుంది అది? భూతద్దం పెట్టుకుని చూస్తారా?" అని విసుక్కుంటూ వెళ్ళాడు.

ఆ రోజంతా అత్తగారికి ఆసుపత్రిలో పరీక్షలు. చక్రాల కుర్చీ తోసుకుంటూ ఈ గదికీ ఆ గదికీ తిరిగి, ఇంటికి చేరి, వంట చేసి, అలాగే సోఫాలో నిద్రపోయింది. మర్నాడు మధ్యాహ్నం కంప్యూటర్ తెరిస్తే ఆ ఫోటో, అదే ప్రతిబింబంతో, గ్రూపులో ఉంది. ఆమె ఖాతాలోకే వెళ్ళి అతను దాన్ని మళ్ళీ తెరిచాడు. కమిటీవాళ్ళు చూడాల్సిన రోజట. మళ్ళీ దాచింది. ఫోన్ చేస్తే, "ఒక్కరోజుకి కొంపలేం మునిగిపోవులే" అన్నాడు.

మునిగాయి. కొన్ని వారాల తర్వాత వానకోటు కొన్ని ఫోటోలు పెట్టింది. వానకోటు అంటే గ్రూపులో అందరికంటే పెద్దావిడ. తన బొమ్మకి బదులు కొక్కేనికి వేలాడే పసుపు వానకోటు బొమ్మ పెట్టుకుంది కాబట్టి ఆ పేరు. ఎన్నడూ ఎవరికీ చూపించని తన మడుగుకి దారి ఒక్క నిర్వాహకులకే చెప్పింది, నేను పోతే మీరు చూసుకోవాలి అని. ఆమె ఆ దారి మనసులో పెట్టుకుని, ఆ ఉత్తరాన్ని అప్పుడే చెరిపేసింది. పెంచుకోవడానికి వింత జీవాలు కొనేవాళ్ళ అంగడి ఒకటి ఇంటర్నెట్‌లో చూశాననీ, అక్కడ అమ్మకానికి పెట్టిన న్యూట్ల ఫోటోలివనీ, వీటిలో ఏ పొట్టనైనా ఎవరైనా గుర్తుపట్టగలరా అనీ ఆవిడ అడిగింది. ఆమె వేలు ఒక్కటే ఫోటో దగ్గర ఆగింది. పాత ఫోటోతో పోల్చుకోవలసిన అవసరం రాలేదు.

మర్నాడు పళ్ళ డాక్టరు దగ్గరికని చెప్పి బయల్దేరింది. ఎందుకు, ఎక్కడికి, ఎంతసేపు అని ఎవరూ ఆరా తియ్యని చోటు అదొక్కటే. అత్తగారికి భోజనం, మందులు, నీళ్ళసీసా మంచం పక్కన పెట్టి, రెండు బస్సులు మారి వెళ్ళింది. చెప్పుమడుగు గట్టంతా బూట్ల జాడలు. నీళ్ళు కలకబారి చిక్కటి టీలా ఉన్నాయి. తెగిన వలముక్క ఒకటి కొమ్మకి తగులుకుని ఉంది. వలకి అడ్డం రాకుండా నీటిమొక్కల్ని వేళ్ళతో సహా పెరికి గట్టుమీద కుప్పలుగా పారేశారు. ఎండకి అవి గడ్డిలా ఎండిపోయాయి. ఆమె మోకాళ్ళమీద కూర్చుని ఒక రెమ్మ చేతిలోకి తీసుకుంది. ఆకు మడతలు మడతలుగానే ఉన్నాయి. ఒకటి విప్పి చూస్తే లోపల గుడ్డు ఎండి ఆవగింజంత అయింది. ఇంకోటి విప్పింది. అదీ అంతే. ఎంత శ్రద్ధగా మడిచిందో అంత శ్రద్ధగానూ ఎండిపోయాయి.

కుప్పల అడుగున కొన్ని రెమ్మలకి ఇంకా తడి ఉంది. వాటిని ఒక్కొక్కటే విడదీసి నీళ్ళలో పెడుతూ బస్సు వేళ దాకా అక్కడే ఉండిపోయింది. వాటిలో ఏ గుడ్డుకైనా ప్రాణం ఉందో లేదో తెలియదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే కాబోలు అనుకుంది. సాయంత్రం ఆమె ముఖం చూసి భర్త, "పన్ను పీకారా?" అని అడిగాడు. "పీకారు" అంది. నొప్పిగా ఉందా అన్నాడు. ఉందంది. పాపం, ఐస్ పెట్టుకో అని చెప్పి టీవీ పెట్టుకున్నాడు.

అది చెప్పుమడుగు న్యూటేనని ఆమే గ్రూపులో రాసింది. ఇక అక్కడ అందరూ భగ్గుమన్నారు. పాత సభ్యులకి ఖాతాల కదలికలు కనపడతాయి. ఆ ఫోటోని నిర్వాహకులు దాచారు, కొన్ని గంటల్లోనే నిర్వాహకులే తెరిచారు, మర్నాడు మళ్ళీ నిర్వాహకులే దాచారు. దాచినవాళ్ళకి ప్రమాదం తెలుసన్నమాటేగా, మరి ఎందుకు తెరిచినట్టు? వానకోటు ఒక్క వాక్యం రాసింది. నా మడుగు దారి మీ దగ్గర ఉంది, ఇప్పుడు నేనేం చెయ్యాలో చెప్పండి అని.

ఆదివారం పొద్దున భర్త తనే కాఫీ పెట్టి తెచ్చి ఆమెకిచ్చాడు. పెళ్ళయ్యాక అలాంటిది జరగడం అదే మొదలు. దాంతో కప్పు అందుకోకముందే ఆమెకి అనుమానం వచ్చింది. అతను ఎదురుగా కూర్చుని చాలా మెత్తగా మాట్లాడాడు. తెరిచింది తనేనని తేలితే ప్రాజెక్టు పోతుందట, కాలేజీలో తలెత్తుకోలేడట, ఇన్నేళ్ళ కష్టం బూడిదలో పోసిన పన్నీరవుతుందట. అందుకని ఒక దారి ఆలోచించాడు. ఇంట్లో అప్పుడప్పుడు నా భార్య సాయం చేస్తుంటుంది, ఆవిడే పొరపాటున ఏదో నొక్కేసింది అంటే ఎవరూ మాట్లాడరు.

"నువ్వే రాసెయ్. నీ పేరు మీద రాస్తే నమ్ముతారు" అన్నాడు.

"నా పేరు మీదా?"

"నీకేం పోతుంది చెప్పు? నీకు ఉద్యోగమా, ప్రమోషనా? నువ్వెవరో కూడా వాళ్ళకి తెలీదు."

కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది. ఉన్న విషయమే చెబుతున్నట్టు, వానొస్తుంది గొడుగు తీసుకెళ్ళు అన్నట్టు అన్నాడు. ఆమె అంట్లు తోమడానికి లేచింది. నిజమే, నాకేం పోతుంది? ఒక్కో గిన్నె తోముతూ అదే ఆలోచించింది. ఇన్నేళ్ళుగా ఆ గ్రూపులో ఎంతమంది చిక్కులు విప్పింది, ఎంతమంది దొంగల్ని గుమ్మంలోనే ఆపింది, ఒక్కసారీ తన పేరు రాలేదు. ఇప్పుడు మొదటిసారి రాబోతోంది. ఒక మడుగుని అజాగ్రత్తగా చంపేసిన ఆడమనిషి పేరుగా. వానకోటు ఆ పేరు చదువుతుంది. సదస్సులో కళ్ళనీళ్ళు పెట్టుకున్న అమ్మాయి చదువుతుంది. మంచి రాసినప్పుడు సార్, చెడిపోయినప్పుడు సార్ గారి భార్య. ఆ తర్వాత ఇంక ఏ మడుగు గట్టుమీదా ఆమెని ఎవరూ నిలబడనివ్వరు. ఎప్పటికైనా, అత్తగారు కుదుటపడ్డాకో, పిల్ల చదువయ్యాకో, మళ్ళీ ఆ నీళ్ళ దగ్గరికి వెళ్ళి గాజుపెట్టె తెరుద్దామన్న ఆశ ఒకటి ఆమెకి ఉండేది. ఎవరికీ చెప్పలేదు, చెబితే నవ్వుతారని. అతను వదులుకోమంటున్నది దాన్నే. పోతే పోయేది అదొక్కటే, ఇంకేమీ లేదు, అందుకే అతనికి కనపడలేదు. పోనీ నిజం రాస్తే? ఈ ఇంట్లో రేపటినుంచి ఎలా తిరుగుతుంది, ఏ ముఖంతో అతని ఎదుట కూర్చుంటుంది? అతను చెడ్డవాడూ కాడు. పన్ను నొప్పి అంటే ఐస్ పెట్టుకోమన్నాడు.

అత్తగారి కాలికి నూనె రాస్తుంటే ఆవిడే కదిపింది. గోడకి చెవులుంటాయో లేదో గాని, మంచమ్మీద ఉన్న మనిషికి చెవులు తప్ప ఇంకేం ఉంటాయి. ముందు అందరు అత్తగార్లూ చెప్పేదే చెప్పింది, మొగుడి పరువు పెళ్ళాం కాపాడకపోతే ఎవరు కాపాడతారని. ఆమె నూనె రాస్తూనే ఉంది. కాసేపటికి ఆవిడ కిటికీ వైపు తిరిగి వేరే గొంతుతో మాట్లాడింది.

"మీ మావగారు ఓసారి వాళ్ళ చెల్లెల్ని చాటుగా అనరాని మాటన్నారే. పిల్లలు లేరని. అది దాని చెవిన పడేసరికి భయపడి, నేనన్నానని చెప్పమన్నారు. నాకేం పోతుందిలే అని ఒప్పుకున్నా. ఆయన పోయి ఎన్నాళ్ళయింది? ఆడపడుచు ఇప్పటికీ నా ముఖం చూడదు. నేను పడిపోయినప్పుడు ఆసుపత్రికొచ్చి, నువ్వు బయటికొచ్చేదాకా నడవాలోనే నిలబడి, నాకెలా ఉందో నిన్నడిగి వెళ్ళిపోయింది, గుర్తుందా? లోపలికి రాలేదు. దానికి నేనంటే అంత ఇష్టముండేది."

ఆమె నూనెగిన్నె పక్కన పెట్టింది. "మరి నన్నేం చెయ్యమంటారు అత్తయ్యా?"

"నన్నడక్కు. అడిగితే వాడివైపే చెప్తాను. నేను వాడి తల్లిని" అంది ఆవిడ, ఇంకా కిటికీ వైపే చూస్తూ.

ఆమె చేతులు కడుక్కుని వంటింట్లోకి వచ్చింది. కూరలన్నీ అయిపోయాయి, మూతలు పెట్టి ఉన్నాయి. బల్ల ఖాళీగా ఉంది. అతను స్నానానికి వెళ్ళాడు. కంప్యూటర్ తెరిచి నిర్వాహకుల ఖాతాలోంచి బయటికి వచ్చేసింది. అందరిలాగే గుమ్మం దగ్గర నిలబడి, కొత్త సభ్యురాలిగా తన పేరూ, పుట్టింటి ఇంటిపేరూ కలిపి నమోదు చేసుకుంది. ఏం చేస్తుంటారు అన్న గడి దగ్గర కొంచెంసేపు ఆగి, న్యూట్ల పరిశోధన అని రాసింది. రాస్తుంటే ఏడుపొచ్చింది. కొత్తవాళ్ళని లోపలికి రానివ్వాల్సింది కూడా తనే కాబట్టి, మళ్ళీ ఆ ఖాతాలోకి వెళ్ళి తనని తనే రానిచ్చుకుంది. ఇలాంటి వెర్రి పని లోకంలో ఇంకెవరూ చేసి ఉండరు.

తర్వాత రాయడం కష్టం కాలేదు. ఇన్నేళ్ళుగా మీకిక్కడ జవాబులు రాస్తున్నది నేను. చెప్పుమడుగు నాది. పెద్దమ్మకి మొదటి ఫోటో తీసింది నేను, ఇప్పుడు గుర్తుపట్టిందీ నేనే. గాజులో పంపుహౌసు కనపడుతోందని ఆ ఫోటో దాచాను. ఈ గ్రూపు మొదలుపెట్టిన నా భర్త దాన్ని అదే ఖాతాలోంచి తెరిచారు. ఆ రోజు నేను ఆసుపత్రిలో ఉన్నాను. మర్నాడు చూసి కూడా మీకు చెప్పకుండా మళ్ళీ దాచి ఊరుకున్నాను, అది నా తప్పు. వానకోటుగారూ, మీ మడుగు దారి ఈ ఇంట్లో నాకు తప్ప ఎవరికీ తెలియదు. అయినా మీరు నన్ను నమ్మకపోతే నేనేమీ అనుకోను. ఇంతే రాసింది. ఒకసారి చదువుకుంది. ఏ మాటా తీసెయ్యలేదు. పంపించాక చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పెద్దమ్మ ఎవరింట్లోనో ఓ గాజుతొట్టిలో ఉండి ఉంటుంది. లేదా దారిలోనే పోయి ఉంటుంది. ఈ రాతవల్ల అది తిరిగిరాదు. ఆ సంగతి ఆమెకి తెలుసు.

అతను తల తుడుచుకుంటూ వచ్చి భోజనానికి కూర్చున్నాడు. ఆమె వడ్డించింది.

"రాశావా?" అన్నాడు.

"రాశాను."

"నీ పేరు మీదేగా?"

"నా పేరు మీదే."

అతని ముఖం తేటపడింది. ఎన్నో రోజుల తర్వాత ఆకలేసినవాడిలా పళ్ళెం దగ్గరికి లాక్కుని, నువ్వు కూడా కూర్చో, ఇద్దరం తిందాం అన్నాడు. బల్లమీద ఉన్న అతని ఫోను ఒకసారి మోగింది. ఆగి, మళ్ళీ మోగింది. తర్వాత ఇక ఆగలేదు. అతను ఎడమచేత్తో దాన్ని అందుకోబోతే ఆమె ఫోను ఇవతలికి జరిపి, నీళ్ళగ్లాసు అతని దగ్గర పెట్టింది.

"ముందు తినండి" అంది. "చదివాక తినబుద్ధి కాదు."